ఇరుకు ఇంజన్‌కి మాగ్నెట్ ప్లగ్ సాకెట్: 3 ఏళ్లు వాడాక

లోపల ప్లగ్‌ని పట్టి ఉంచే రబ్బరు బుష్ ఉన్న సాకెట్‌తో ఇంజన్ స్పార్క్ ప్లగ్గులు మార్చినవాళ్లకి ఆ విసుగు తెలుసు. కొత్త ప్లగ్ బిగించి పైకి లాగితే ఎక్స్‌టెన్షన్ (సాకెట్‌కి తగిలించే పొడవాటి కడ్డీ) ఒక్కటే చేతికొస్తుంది. సాకెట్ ప్లగ్‌ని కరుచుకుని గుంతలోనే ఉండిపోతుంది, వేలు పెట్టి తీద్దామంటే సందుండదు. ఈ 16 మి.మీ. మాగ్నెట్ సాకెట్ వచ్చాక ఆ బాధ పోయింది. పాత ప్లగ్‌ని పట్టుకుని పైకి తెస్తుంది, కొత్తది బిగిశాక వదిలేస్తుంది. ఈ ఒక్క పనికే దీన్ని నెత్తిన పెట్టుకోవచ్చు.

మొదట్లో దీని స్వివెల్‌ని (పక్కకి వంగే కీలుని) కూడా తెగ మెచ్చుకున్నాను. ఇప్పుడు అంత మెచ్చుకోలేను. మాగ్నెట్ పట్టేది ప్లగ్ ఇనుప భాగాన్నే, పింగాణీకి రబ్బరు ఇచ్చే ఆసరా ఇందులో లేదు. బిగుసుకున్న ప్లగ్ మీద స్వివెల్ వంచి బలం పెడితే సాకెట్ ఒరిగి పింగాణీకి తగులుతుంది. వెంట్రుకంత చీలిక చాలు, ఐడిల్‌లో బాగానే ఉండి ఎత్తు ఎక్కేటప్పుడు మిస్ కొడుతుంది. అందుకే స్వివెల్ చుట్టూ రెండు చుట్లు ఇన్సులేషన్ టేపు వేస్తాను. అవసరమైనంత వంగుతుంది, వేలాడదు.

అసలు దెబ్బ రెండో ఏడు తగిలింది. ఇంజన్ వేడి మీదే వాడటంతో లోపలి మాగ్నెట్ రింగు జిగురు వదిలేసి, రింగు ప్లగ్ మీదే ఉండిపోయింది. పైనుంచి ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌కి కరెంటు ఇచ్చేది) పెడితే చివరి సెంటీమీటరు దిగదు, బోల్టు రంధ్రం కలవదు. అప్పుడు బోల్టుతో లాగి దించకండి. టార్చ్ వేసి చూస్తే తెల్లటి పింగాణీ మొదట్లో మెరిసే రింగు కనిపించింది. సన్నముక్కు ప్లయర్‌తో పైకి తీసి, గ్రీజు తుడిచి, ఎపాక్సీతో అతికించాను, ఇంతవరకు ఊడలేదు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టండి, అల్యూమినియం హెడ్ థ్రెడ్‌కీ అదే మంచిది.

ప్లగ్ విప్పేముందు గుంతలోకి గాలి కొట్టాలి, లేకపోతే ఇసుక సిలిండర్‌లో పడుతుంది. కొత్తదాన్ని రాచెట్ (సాకెట్ తిప్పే పిడి) లేకుండా, ఎక్స్‌టెన్షన్‌ని వేళ్లతో తిప్పుతూ ఎక్కించాలి. అది ఆగాక, 14 మి.మీ. థ్రెడ్, వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌కి ఇంకో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు.

నా ఇంజన్‌లో చివరి సిలిండర్ ఒక్కటే వైపర్ ప్లేటు కిందికి పోయింది కాబట్టి నాకిది కుదిరింది. ప్లగ్గులన్నీ తిన్నగా అందేవాళ్లు రబ్బరు సాకెట్టే ఉంచుకుని, లాక్ అయ్యే ఎక్స్‌టెన్షన్ ఒకటి కొనుక్కోవడం నయం.