తడి రెయిన్‌కోటు బ్యాగులో పెట్టుకోవచ్చని చెప్పి అమ్మితే నమ్మకండి, మాకు 11,200 పోయాయి

పోస్టు కాస్త పెద్దదే, కానీ ఈ వానాకాలం రెయిన్ సూటు కొందామనుకుంటున్నవాళ్ళు, ముఖ్యంగా కృష్ణలో బోటు మీద తిరిగేవాళ్ళు, సూర్యలంక, మచిలీపట్నం వైపు సముద్రం మీదకెళ్ళేవాళ్ళు దయచేసి చివరిదాకా చదవండి. బైకువాళ్ళకీ పనికొస్తుంది, తడి కోటు డిక్కీలో కుక్కేసి మర్చిపోవడం మనందరికీ అలవాటేగా.

నేనూ మా బావా కలిసి వైజాగ్‌లో ఒకాయన దగ్గర పాత తెరచాప బోటు కొన్నాం. 18 అడుగులది, ఫైబర్ బాడీ, సీతానగరం వైపు ఒడ్డున పెట్టుకుంటాం. ముందువైపు ఇద్దరు వంగి కూర్చునేంత చోటు, సీట్ల కింద రెండు లాకర్లు, అంతే. పెద్ద బోట్లలో అయితే లోపలికి దిగే మెట్ల పక్కనే తడి బట్టలు వేలాడదీయడానికి విడిగా ఒక అర ఉంటుంది, కారిన నీళ్ళు బోటు అడుక్కి పోయేలా కింద కన్నం కూడా పెడతారు. మాదాంట్లో అలాంటిది పెట్టే జాగా లేదు, అందుకే వానలో తడిసిన కోట్లు ఎక్కడ పెట్టాలన్నదే మొదటినుంచీ తలనొప్పి.

జూన్ ఆఖర్లో బెజవాడలో ఒక షాపుకెళ్ళి ఇదే చెప్పాం. అక్కడి కుర్రాడు "సార్, ఇది బ్రీతబుల్, 10,000 ఎంఎం వాటర్‌ప్రూఫ్, తడిగానే మడిచి ఈ డ్రై బ్యాగులో పడేయండి, నెల తర్వాత తీసినా ఏం కాదు, బోట్లవాళ్ళు ఇదే పట్టుకెళ్తారు" అన్నాడు. సూటు 4,800 చొప్పున రెండు, నీళ్ళు చొరబడని ఆ డ్రై బ్యాగు 1,600. యూపీఐలో కట్టాం, బిల్లు అడిగితే ఎస్టిమేట్ అని రాసున్న చిన్న స్లిప్పు ఇచ్చాడు, మేమూ తొందరలో ఉండి గట్టిగా అడగలేదు.

ఉన్నమాట చెప్పాలి, జులైలో మూడుసార్లు వేసుకున్నాం, చుక్క లోపలికి రాలేదు. ఆగస్టు మొదటి వారంలో భవానీ ద్వీపం దాటాక జోరున కురిసింది, ఒడ్డుకి వచ్చేసరికి చీకటి పడిపోయింది, అతను చెప్పాడు కదా అని రెండు సూట్లూ నీళ్ళు కారుతుండగానే మడిచి బ్యాగులో పెట్టి మూతి మూడు చుట్లు చుట్టి లాకర్లో పెట్టేశాం. తర్వాత రెండ్రోజులకే పైనుంచి వరద వదిలారు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు కొట్టుకొచ్చిన బోట్లు గేట్ల దగ్గర గుద్దుకోవడం అందరం చూశాం కదా, అప్పట్నుంచి వరద మాట వినపడితే చాలు బోటు గట్టు మీదకి లాగి పైన పట్టా కప్పేస్తున్నాం. ఈసారీ అంతే చేశాం. మళ్ళీ లాకర్ తెరిచింది 24 రోజులకి.

బ్యాగు మూతి విప్పగానే ముక్కిపోయిన వాసన ఒక్కసారి ముఖాన కొట్టింది. మా బావకి కొంచెం ఆయాసం ఉంది, దగ్గు ఆగక ఒడ్డుకి దిగిపోయాడు. కోటు బయట నల్లచుక్కల బూజు, అది పోనీ కడిగితే పోతుందేమో, లోపలివైపు చూస్తే పూత మొత్తం జిగటగా ఒకదానికొకటి అంటుకుపోయి ఉంది. విడదీస్తుంటే పాము కుబుసంలా పొరలు పొరలుగా చేతికొచ్చింది. కుట్ల మీద వేసిన టేపు భుజాల దగ్గర, చంకల కింద లేచిపోయింది. బ్యాగుకి మాత్రం ఏమీ కాలేదు, నీళ్ళు బయట్నుంచి లోపలికి రానివ్వదు, అలాగే లోపలివి బయటికీ పోనివ్వదు, మేము దాంట్లో చేసింది కోట్లని ఊరబెట్టడమే.

తర్వాత తెలుసుకున్నది ఏంటంటే, ఇలాంటి సూట్లలో లోపల ఉండేది చాలావాటిలో పీయూ, అంటే పాలీయురేథేన్ పూత. తేమా వేడీ కలిసి ఎక్కువకాలం ఉంటే ఆ పదార్థం విడిపోతుంది, దాన్ని హైడ్రాలిసిస్ అంటారు, పాత షూ అడుగులు ఉన్నట్టుండి పొడిపొడిగా రాలిపోతాయి చూడండి, అదీ ఇదే. ఒకసారి మొదలయ్యాక బాగు చెయ్యలేం. ఎండలో మూసిన ఫైబర్ లాకరు లోపల ఎంత ఉడుకుతుందో మన ఊళ్ళో చెప్పక్కర్లేదు. బ్రీతబుల్ అన్న మాట కూడా అక్కడ చెల్లదు, ఒంట్లోంచి వచ్చే చెమట ఆవిరి బయటికి పోవాలంటే బయట పొడి గాలి ఉండాలి, గాలే లేని సంచిలో ఎటు పోతుంది? ఆ 10,000 ఎంఎం అన్నది నీటి ఒత్తిడిని ఎంత ఆపుతుందన్న లెక్క, తడిగా నిలవ పెట్టుకోవచ్చని కాదు.

కానీ నాకు అసలు కోపం వచ్చింది దీనికి కాదు. 24 రోజులకే ఇంత ఘోరంగా ఎలా పోయిందా అని ఇంట్లో ఉన్న ప్యాకింగ్ కవరు తీసి చూశాను. ఎంఆర్‌పీ స్టిక్కర్ మీద ఇంకో స్టిక్కర్. పైది గోరుతో మెల్లగా లేపితే కింద తయారీ నెల, సంవత్సరం ఉంది, 2018. పీయూ పూత వాడకపోయినా గోడౌన్లో ఉన్నదున్నట్టే పాడవుతుంది, అంటే సగం చచ్చిన సరుకు కొత్త రేటుకి మాకు అంటగట్టారు. షాపుకి తీసుకెళ్తే ముందు "మీరు తడిగా ఎందుకు పెట్టారండీ" అని మమ్మల్నే అడిగారు. మీవాడే చెప్పాడంటే కాలర్ లోపలి లేబుల్ చూపించారు, చీమంత అక్షరాలతో ఆరబెట్టి దాచాలని ఉంది. స్టిక్కర్ సంగతి ఎత్తితే మాట మార్చి, సగం డబ్బుకి వేరే సరుకు తీసుకోమన్నారు. ఒప్పుకోలేదు.

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేశాను, తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం కూడా అన్యాయమైన వ్యాపార పద్ధతే, కాబట్టి స్లిప్పు చేతిలో పెడితే ఊరుకోకండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. యూపీఐ రసీదు, రెండు స్టిక్కర్ల ఫొటోలు, కవరు దాచి ఉంచాను.

ఇప్పుడు బోటులో ఏం చేస్తున్నామో కూడా చెప్తా. ఒడ్డుకి రాగానే కోటు గట్టిగా దులిపి, నూలు తుండుతో రెండువైపులా తుడుస్తాం, సగం తడి అక్కడే పోతుంది. తెరచాప కింది కర్రకి అడ్డంగా పట్టా వేసి దాని కింద తాడు కట్టి ఆరేస్తాం, వాన పడుతున్నా గాలి ఆడుతుంది. మధ్యాహ్నం ఎండలో మాత్రం వదిలేయం, ఆ ఎండా పూతని తినేస్తుంది. లాకర్ మూతకి గాలి కన్నాలు పెట్టించాం, అడుగున ప్లాస్టిక్ జాలీ వేశాం, బూట్లలో న్యూస్‌పేపర్ కుక్కుతాం. ఆరకపోతే ఎంత రాత్రయినా ఇంటికే తెచ్చి ఫ్యాన్ కింద వేస్తాం. సముద్రం మీదకెళ్ళేవాళ్ళు ముందు మంచినీళ్ళతో కడగాల్సిందే, ఉప్పు ఉంటే అది గాలిలో తేమని లాక్కుంటూనే ఉంటుంది, ఆరినట్టే ఉండి మర్నాటికి మళ్ళీ చెమ్మగిల్లుతుంది.

కొనేటప్పుడు షాపులోనే కోటు తిరగేసి లోపలి పూత ఒకదానికొకటి ఆనించి నొక్కి వదలండి, కొంచెం అంటుకున్నా వద్దనండి. చంకల కింద టేపు అంచు గోరుతో గీకి చూడండి, ఎంఆర్‌పీ స్టిక్కర్ కింద ఇంకోటి ఉందేమో చూడండి. ఈ జూన్, జులైల్లో బెజవాడలో ఇలాంటి సూటూ బ్యాగూ జతగా కొన్నవాళ్ళు ఉంటే ఈ రాత్రికే బ్యాగులోంచి తీసి ఫ్యాన్ కింద వెయ్యండి, ప్యాకింగ్ కవరు మాత్రం పారెయ్యకండి.