యాడ్ బ్లాకరా, చందానా? వార్తలు చదవడానికి ఏది మేలు?

గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ మా కోనసీమ బంధువులు, స్నేహితులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. ధవళేశ్వరం దగ్గర ఎంత నీరు వదిలారో చూద్దామని ఫోన్ తీస్తే ముందు ప్లాట్ల యాడ్, దాన్ని మూయబోతే ఇంకో పేజీ, ఈలోపు దానంతటదే మోగే వీడియో. 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది అని లంకల్లో పిల్లలకి కూడా తెలుసు. వాళ్లకి కావాల్సింది ఆ పూట అంకె ఒక్కటే. ఈ గోల లేకుండా చదవాలంటే ఏం పెట్టుకోవాలి అని అడుగుతారు.

యాడ్లు కనపడకపోతే చాలు అనుకుంటే జవాబు తేలిక. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వేసుకుని, అందులో యాడ్లను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి. ఫోన్‌లోని క్రోమ్ ఇలాంటివాటిని అసలు ఒప్పుకోదు, కంప్యూటర్ క్రోమ్‌లోనేమో 2025 నుంచి పాత యూబ్లాక్ పనిచేయట్లేదు, బలం తగ్గించిన లైట్ రకమే దొరుకుతుంది. దీన్ని తయారుచేసిన రేమండ్ హిల్ ఎవరి దగ్గరా విరాళం కూడా తీసుకోడు, అందుకే నాకు దీని మీద నమ్మకం. యాడ్‌బ్లాక్ ప్లస్ అనే ఇంకో బ్లాకర్ అలా కాదు, కొన్ని యాడ్లను 'పర్వాలేదు' అని వదిలేస్తుంది, అందుకు పెద్ద కంపెనీల దగ్గర డబ్బు కూడా తీసుకుంటుంది. బ్రేవ్ బ్రౌజర్‌లో బ్లాకర్ ముందే ఉంటుంది. సైట్లకు టోకెన్ల రూపంలో డబ్బు పంపే ఏర్పాటు కూడా ఉంది గానీ, ఆ సైటు వాళ్లు నమోదు చేసుకుంటేనే అది చేరుతుంది, కాబట్టి మన ప్రాంతపు చిన్న సైటుకి దానివల్ల ఏదో ఒరుగుతుందని నేను అనుకోను.

అయితే యాడ్ మన కంటికి కనపడకుండా చేయడం వేరు, వార్త మీద యాడ్ పట్టు లేకుండా చేయడం వేరు. నా మటుకు నాకు తేల్చేది ఇదే. మన డెల్టాలో యాడ్లు ఇచ్చేది ఎవరు? రొయ్యల మేత కంపెనీలు, ప్రైవేటు కాలేజీలు, లేఅవుట్లు వేసేవాళ్లు, ఇక ప్రభుత్వం సరేసరి. మనం తెలుసుకోవాల్సిన వార్తలు చాలావరకు వీళ్ల చుట్టూనే ఉంటాయి. వరి చేల మధ్య చెరువులు తవ్వితే పక్క రైతు బోరు ఉప్పెక్కడం, భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్క్ వద్దని ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కడం, 2014 జూన్‌లో కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయాక మిగతా పైపులైన్ల సంగతి ఏమైందన్నది. మండల విలేకరికి చాలా చోట్ల నెల జీతమే ఉండదు, పైగా పండగలకి యాడ్లు తెమ్మని టార్గెట్ పెడతారు. యాడ్ ఇచ్చిన ఆసామి చెరువు మీద అతను ఏమని రాయగలడు చెప్పండి? మన ఫోన్‌లో బ్లాకర్ పెట్టినంత మాత్రాన అతని ఇబ్బంది పోదు, ఆ సైటుకి వచ్చే నాలుగు పైసలు కూడా తగ్గుతాయి.

అందుకే రెండిట్లో ఒకటే అంటే నేను చందాకే ఓటేస్తాను. 2012లో మొదలైన న్యూస్‌లాండ్రీ అనే వార్తా సైటు యాడ్లే తీసుకోదు, పాఠకుల డబ్బు మీదే నడుస్తుంది, కాకపోతే ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, చూపు ఎక్కువగా ఢిల్లీ వైపు. 2014 నాటి ద న్యూస్ మినిట్ కూడా ఇంగ్లిషే గానీ దక్షిణాది వార్తల మీద నిలబడిన సంస్థ, ఆంధ్ర సంగతులు అందులో కనపడతాయి, కాబట్టి మనవాళ్లు కట్టే తొలి చందా దానికైతే బాగుంటుంది. తెలుగులోనే చదవాలంటే పాత్రికేయుడు పి. సాయినాథ్ మొదలుపెట్టిన పరి అనే సైటు ఉంది. చందా లేదు, యాడ్లు లేవు, పల్లెల కథనాలు తెలుగులోనూ వస్తాయి, విరాళాలే ఆధారం. వీటిలో ఏదీ రేపు పొద్దున గట్టు ఎక్కడ తెగిందో చెప్పదు, అది నిజం. ఆ అంకెల కోసం లోకల్ సైట్లు చూడక తప్పదు, అక్కడ యూబ్లాక్ వాడండి, తప్పేం లేదు. నిజాయితీగా రాస్తున్నారని మీకు నమ్మకం కుదిరిన చిన్న సైటు ఉంటే మాత్రం దానికి బ్లాకర్ ఆపేయండి, యూబ్లాక్‌లో ఆ పెద్ద పవర్ బటన్ నొక్కితే ఆ ఒక్క సైటుకే ఆగుతుంది.

మిగతావి రెండు ముక్కల్లో. పేజీలో వార్త ఒక్కటే చూపించే రీడర్ మోడ్ పెద్దవాళ్ల కళ్లకి హాయి, అక్షరాలు పెంచుకుంటే వత్తులు కూడా స్పష్టంగా కనపడతాయి. రకరకాల సైట్ల కొత్త వార్తలు ఒకేచోట చూపే ఆర్ఎస్ఎస్ ఫీడ్ కావాలంటే ఫీడర్ అనే ఉచిత యాప్ చాలు. తర్వాత చదువుకోడానికి వార్తలు దాచిపెట్టే పాకెట్ యాప్ 2025 జూలైలో మూతపడింది. ఈ-పేపర్‌కి డబ్బు కట్టినా పేపర్‌లోని యాడ్లు అలాగే వస్తాయి.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి విరాళం ఇవ్వొచ్చు. వేరే దేశపు పౌరసత్వం తీసుకుంటే ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చే) కార్డు ఉన్నా విదేశీ విరాళాల చట్టం దృష్టిలో విదేశీయులే, వాళ్ల దగ్గర వార్తా సంస్థలు విరాళం తీసుకోకూడదు. చదివినదానికి రుసుముగా కట్టే చందా వేరే లెక్క. అలాంటివాళ్లు 'డొనేట్' బటన్ జోలికి పోకుండా 'సబ్‌స్క్రైబ్' నొక్కండి, లేదా ఊళ్లో అమ్మానాన్నల పేరున వాళ్ల యూపీఐతోనే చందా కట్టించండి, చదివేది ఎలాగూ వాళ్లే.