విద్యార్థుల తొలి మానసిక ఆరోగ్య పరిశోధన: సర్వేనా, ఇంటర్వ్యూలా, బృంద చర్చా?

నర్సింగ్, మెడిసిన్, పబ్లిక్ హెల్త్ విద్యార్థులను తమ ప్రాంతంలోని మానసిక ఆరోగ్యం మీద పరిశోధనకు దింపేటప్పుడు చాలామంది గైడ్లు ముందు సర్వే వైపే చూస్తారు. అంకెలొస్తాయి, పట్టికలొస్తాయి, ప్రాజెక్టు రిపోర్టు నిండుతుంది. పన్నెండు వారాల గడువున్న బ్యాచ్‌కైతే మా ఓటు ఇంటర్వ్యూలకే.

సర్వే చూడ్డానికి తేలిక. డిప్రెషన్ లక్షణాలను అడిగే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. సాధారణంగా 10 గానీ ఆపైన గానీ వస్తే డిప్రెషన్ ఉండొచ్చని అనుమానిస్తారు. కానీ శాంపిల్ లెక్క వేయండి. సమాజంలో 20 శాతం మందికి లక్షణాలుంటాయనుకుని, 5 శాతం అటూ ఇటూగా, 95 శాతం నమ్మకంతో తేల్చాలంటే 246 మంది కావాలి. వీధులవారీగా క్లస్టర్లు (గుంపులు) ఎంచుకుంటే ఒకే వీధివాళ్ల జవాబులు ఒకేలా ఉండొచ్చు కాబట్టి శాంపిల్ పెంచాలి; ఆ పెంపు, అంటే డిజైన్ ఎఫెక్ట్, 2 అనుకుంటే 492. పదోవంతు మంది జవాబివ్వరనుకుంటే 547. ఆరుగురు విద్యార్థులుంటే తలా 90కి పైగా. మధ్యాహ్నం తాళం వేసిన ఇంటిని వదిలి పక్కింటికి వెళ్లడం మొదలుపెడితే పనికి వెళ్లేవాళ్లంతా జారిపోతారు. అదే ఇంటికి వేర్వేరు వేళల్లో మూడుసార్లు వెళ్లాలి. అంత సమయం విద్యార్థులకుండదు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు రిపోర్టులో జరుగుతుంది. స్క్రీనింగ్ (తొలి వడపోత) స్కోరును రోగ నిర్ధారణగా రాసేస్తారు. ప్రశ్నావళి సెన్సిటివిటీ (జబ్బు ఉన్నవారిని పట్టుకునే శాతం), స్పెసిఫిసిటీ (లేనివారిని లేదని తేల్చే శాతం) రెండూ 85 శాతం అనుకుందాం. వెయ్యి మందిలో నిజంగా డిప్రెషన్ ఉన్నవారు 100 అయితే వారిలో 85 మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లు 900 మందిలో 135 మందిని కూడా కలిపేస్తుంది. పాజిటివ్ వచ్చిన 220 మందిలో అసలు రోగులు 39 శాతమే. ‘22 శాతం మందికి డిప్రెషన్’ అనే శీర్షిక పుట్టేది ఇలాగే.

పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. ఫారాలన్నీ పోగేసి వారాంతంలో కంప్యూటర్‌లో ఎక్కించే పద్ధతిలో, సున్నా కాని జవాబు మూడు రోజుల తర్వాత కంటపడుతుంది. ఆ ఇంటి గడప దాటకముందే చూసుకోవాలి, అక్కడి నుంచే గైడ్‌కు ఫోన్ చేయాలి.

ఇంటర్వ్యూల్లో 10 నుంచి 12 మంది చాలు, ఒక్కొక్కరితో 45 నుంచి 60 నిమిషాలు. అయితే ఇదీ చౌక పని కాదు: గంట రికార్డింగ్‌ను అక్షరాల్లో పెట్టడానికి 4 నుంచి 6 గంటలు పడుతుంది. వైద్య విద్యార్థులు ఇక్కడ పదే పదే ఒకే చోట తప్పుతారు. కేస్ షీట్ అలవాటు కొద్దీ ‘నిద్ర పడుతోందా? ఆకలి వేస్తోందా? ఎన్నాళ్లనుంచి?’ అని వరస కట్టేస్తారు. ఎదుటివాళ్లు ఆగితే ఆ నిశ్శబ్దాన్ని భరించలేక సలహా ఇచ్చేస్తారు. మందు ఒకటే: మొదటి రెండు ఇంటర్వ్యూల రాతప్రతిని గైడ్ చదవాలి. అందులో నాలుగో వంతు కంటే ఎక్కువ మాటలు విద్యార్థివే అయితే మూడోదానికి పంపకుండా మళ్లీ సాధన చేయించాలి. కోడింగ్‌లోనూ, అంటే చెప్పిన మాటలను అంశాలవారీగా గుర్తించడంలోనూ, మొదటి రెండు రాతప్రతులను ఇద్దరు విడివిడిగా చేసి, తేడా వచ్చిన చోట వాదించుకోవాలి. పరిశోధన అంటే ఏమిటో విద్యార్థికి తెలిసేది ఆ వాదనలోనే. తెలిసినవాళ్లను ఇంటర్వ్యూ చేయనివ్వకండి, ప్రాంతాలు మార్చుకోమనండి.

బృంద చర్చ సహాయ పాత్రకే. ఆరు నుంచి ఎనిమిది మంది, నడిపేవారు ఒకరు, రాసుకునేవారు ఒకరు. సొంత అనుభవాలు అడగకూడదు, ఎందుకంటే బయటికి వెళ్లాక ఎవరు ఏం చెబుతారో మన చేతిలో లేదు. ఊహించిన వ్యక్తి పరిస్థితిని చెప్పి, ‘ఇలాంటివారు ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?’ అని అడిగితే బాగా మాట్లాడతారు.

‘ఎంతమంది?’ అన్నదే ప్రశ్న అయితే సర్వే తప్పదు. అప్పుడు విద్యార్థులతో కొత్తది మొదలుపెట్టించడం కన్నా, ఇప్పటికే నడుస్తున్న పెద్ద సర్వేలో చేర్చడం మేలు.

ఏ దారి పట్టినా, పాల్గొనేవారికి హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి సెమిస్టర్ మొదలయ్యే ముందే చేతిలో ఉండాలి. అవసరమైనవారిని చూడటానికి ఒప్పుకున్న కౌన్సెలర్ పేరు, వేళలు రాతపూర్వకంగా దొరికేదాకా ఒక్క ఫారం కూడా బయటికి వెళ్లకూడదు.