చీమకుర్తి దుమ్ములో మూడు ఎండాకాలాలు: టీవీ స్టాండు కూలింగ్ ఫ్యాన్ మీద నా మాట

టీవీ స్టాండులో పెట్టిన పెట్టెలు వేడెక్కకుండా బిగించే చిన్న ఫ్యాన్ ఇది. దీని సైజు, శబ్దం, వైరు పొడవు అందరికీ తెలిసినవే. నేను చెప్పాల్సింది దీనికి దుమ్ము ఆపే జాలీ గురించి. అయస్కాంతంతో అతుక్కుని ఉంటుంది, గోరుతో లాగితే వచ్చేస్తుంది, కుళాయి కింద కడిగి ఆరబెట్టి మళ్లీ పెట్టేయొచ్చు. స్క్రూడ్రైవర్‌తో పనే లేదు. మా ఊళ్లో ఇంతకన్నా పెద్ద సౌకర్యం ఇంకోటి ఉండదు.

మాది గ్రానైట్ క్వారీల ఊరు చీమకుర్తి, రోడ్డు పక్క ఇల్లు. గ్రానైట్‌ని నీళ్లు పోసి కోసినా, ఆ బురద ఎండాక మళ్లీ పొడే. లారీ వెళ్లిన ప్రతిసారీ అది లేస్తుంది. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆంప్లిఫయర్, రౌటర్, సెట్‌టాప్ బాక్సు మూడూ అద్దం తలుపున్న స్టాండులోనే ఉంటాయి. మొదట్లో ఫ్యాన్‌ని వేడి బయటికి లాగేలా బిగించాను. అప్పుడు ప్రతి సందులోంచీ దుమ్ము లోపలికొచ్చింది. తిప్పి, జాలీలోంచి గాలి లోపలికి తోసేలా పెట్టించి, పైన వేడి పోవడానికి వడ్రంగి చేత ఒక రంధ్రం కోయించాను. ఆ తర్వాత లోపల దుమ్ము చాలా తగ్గింది.

అప్పట్లో అడిగిన వాళ్లందరికీ ‘పెట్టేసి మర్చిపోవచ్చు’ అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు అనను.

పోయిన మే నెలలో అమ్మాయి కాన్పుకని నెల్లూరు వెళ్లి ఇరవై రోజులు ఉన్నాం. ఇంట్లో మా అబ్బాయి ఒక్కడే. తిరిగొచ్చిన రోజు రాత్రి మ్యాచ్ పెడితే పది నిమిషాలకు టక్‌మని ఆంప్లిఫయర్ ఆగిపోయింది. దాని తెర మీద ‘ప్రొటెక్ట్’ అని పడింది, అంటే ఏదో తేడా వచ్చి తనని తాను కాపాడుకోవడానికి ఆగిందని. ఆపి వేస్తే మళ్లీ పది నిమిషాలే. మర్నాడు ఒంగోలులో ఒక షాపుకు ఫోన్ చేస్తే, పెట్టె చూడకుండానే బోర్డు పోయిందన్నారు, ఎనిమిది వేలన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు కడుపుమంటే.

మా ఆవిడే కనిపెట్టింది. ‘ఏవండీ, ఫ్యాన్ తిరుగుతోంది గానీ గాలి రావట్లేదు, చెయ్యి పెట్టి చూడండి’ అంది. నిజమే. జాలీ లాగి అరుగు మీద తడితే బూడిదరంగు అట్ట ఒకటి ఊడి పడింది, దాని మీద జాలీ గళ్లు అచ్చు పడి ఉన్నాయి. జాలీ కడిగాను. ప్లగ్గులన్నీ పీకి, ఒక గంట ఆగి, ఆంప్లిఫయర్ రంధ్రాల్లో మెత్తటి కుంచెతో దులిపాను. తర్వాత ఫ్యాన్‌కి బ్లోయర్ కొట్టాను. అలా కొట్టేటప్పుడు రెక్కని వేలితో పట్టుకోవాలి, గాలికి మరీ వేగంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ఆ రాత్రి మూడు గంటలు పాటలు పెట్టాం, ఒక్కసారీ ఆగలేదు. ఏ బోర్డూ మార్చలేదు, ఈ రోజుకీ అదే ఆంప్లిఫయర్ పాడుతోంది.

ఇంకో మాట. ఈ ఫ్యాన్ ఏసీ కాదు, గదిలో గాలి ఎంత వేడిగా ఉంటే అదే లోపలికి తోస్తుంది. మా రౌటర్ పుస్తకంలో 40 డిగ్రీల వరకే అని రాసి ఉంది. రోహిణీ కార్తెలో మా హాలే అంత ఉడికిపోతుంది. అందుకే ఎండాకాలం రౌటర్‌ని స్టాండులోంచి తీసి గోడకు తగిలిస్తున్నాను. వేడిని బట్టి ఫ్యాన్ దానంతటదే ఆగే సదుపాయం చలికాలంలో బాగుంది గానీ, మే నెలలో అది ఆగిందే లేదు. ఫ్యాన్‌కి కరెంటు మాత్రం టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి. మా టీవీ ఆపితే ఫ్యానూ ఆగేది, ఆంప్లిఫయర్ వేడి లోపలే ఉండిపోయేది. పాత ఫోన్ చార్జర్‌కి పెట్టాక ఆ బాధ తీరింది.

కొనమంటారా అంటే, మా ఇల్లు రోడ్డు మీద ఉంది కాబట్టి నాకు ఇది తప్పదు. ఆదివారం ఆదివారం జాలీ కడుగుతున్నాను. ఒంగోలులో మూడో అంతస్తులో ఉండే మా బావమరిదికి నెలకోసారి కడిగినా చాలు, అసలు స్టాండు తలుపు తీసి ఉంచుకున్నా సరిపోవచ్చు. ఈ మధ్య ఫ్యాన్ గరగరమంటోంది. మార్చాల్సి వస్తే మాత్రం జాలీ చేత్తో ఊడొచ్చేదే చూసి కొంటాను.