ఎల్డర్‌లైన్ 14567: దారి చూపుతుంది, ఉత్తర్వు మాత్రం ఆర్డీఓ దగ్గరే

ఇంట్లో పెద్దవాళ్లను సొంతవాళ్లే వేధిస్తున్నప్పుడు, తిండికీ మందులకూ దిక్కులేకుండా వదిలేసినప్పుడు ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఊరుకునే కుటుంబాలు మన చుట్టూ చాలా ఉన్నాయి. అలాంటి వారికోసం కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ నడుపుతున్న ఉచిత సహాయ కేంద్రమే ఎల్డర్‌లైన్. దీనికి పునాది పడింది హైదరాబాద్‌లో. 2017లో టాటా ట్రస్ట్స్, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ తోడ్పాటుతో నగరంలోని వృద్ధుల కోసం మొదలుపెట్టిన ఈ సేవ తర్వాత దేశమంతటికీ విస్తరించింది. 2021 అక్టోబరు 1న, అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు దీన్ని జాతికి అంకితం చేశారు. 14567కు వారంలో ఏ రోజైనా ఉదయం 8 గంటల నుంచి రాత్రి 8 గంటల వరకు ఫోన్ చేయవచ్చు.

మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ కోసం ఈ నంబరుకు ఫోన్ చేశాను. భర్త పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షన్ తాలూకు ఏటీఎం కార్డు కొడుకు చేతిలో ఉండేది; బీపీ మాత్రలు అయిపోయాయని చెప్పినా వచ్చే నెల చూద్దామనేవాడు. అవతల అమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. పేరు, ఊరు అడగడానికి ముందే ఆమె వేసిన మొదటి ప్రశ్న, "పెద్దావిడ మీ పక్కనే ఉన్నారా, ఇంట్లోవాళ్లు ఎవరైనా వింటున్నారా?" అన్నది. ఆ ఒక్క ప్రశ్నతోనే ఈ పని తెలిసినవాళ్లు ఫోన్ ఎత్తారన్న నమ్మకం కుదిరింది. ఆ తర్వాత ఫోన్ పెద్దావిడకే ఇమ్మని, ఆమెకు ఏం కావాలో ఆమె నోటితోనే చెప్పించింది. "వాడిని ఏమీ అనకండమ్మా, నా కార్డు నాకిప్పించండి చాలు" అని ఆవిడ అంటే, కేసు పెట్టమని ఒత్తిడి చేయలేదు, సర్దుకుపొమ్మనీ చెప్పలేదు. తర్వాత ఒక ప్రతినిధి ఇంటికి వచ్చి కొడుకుతో మాట్లాడాక కార్డు ఆవిడ చేతికి వచ్చింది.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఈ పద్ధతే. పెద్దవాళ్లు ఫిర్యాదు చేయకపోవడానికి భయమొక్కటే కారణం కాదు. కన్నకొడుకును నలుగురిలో నిలబెట్టడం వాళ్లకు తమ పరువు తామే తీసుకున్నట్టు అనిపిస్తుంది. బంధువులు పంచాయితీ పెడితే ఎవరు తప్పు అన్న వాదనలోకి దిగుతారు, పెద్దమనిషికి ఏం కావాలన్నది పక్కకు పోతుంది. బయటి మనిషి, అందులోనూ ప్రభుత్వం తరఫున, ఆ ప్రశ్న అడగడం వల్ల మాట తేలికగా బయటికి వస్తుంది. వేధింపుల విషయమే కాక పెన్షన్, వృద్ధాశ్రమం, చట్టం గురించిన సమాచారం కూడా చెబుతారు. రోడ్డున పడ్డ వృద్ధుల గురించి ఎవరు ఫోన్ చేసినా స్పందించే ఏర్పాటు కూడా ఇందులో ఉంది.

అయితే ఈ సేవ ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసుకుని ఫోన్ చేయడం మంచిది. ఎల్డర్‌లైన్ నచ్చజెప్పగలదు, దారి చూపగలదు, ఎవరినీ ఆదేశించలేదు. ఆ అధికారం 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఏర్పడిన ట్రిబ్యునల్‌కు ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఆర్డీఓ కార్యాలయమే ఆ ట్రిబ్యునల్. అరవై ఏళ్లు దాటినవారు, వయసుతో నిమిత్తం లేకుండా తల్లిదండ్రులు అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. తాము వెళ్లలేకపోతే మరొకరికి అధికారం ఇచ్చి పంపవచ్చు. న్యాయవాదిని పెట్టుకోనవసరం లేదు. పోషణ ఖర్చు అర్జీని నోటీసు అందిన 90 రోజుల్లో, తప్పనిసరైతే మరో 30 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయలన్న పరిమితి మాత్రం ఇవాళ్టి ఆస్పత్రి ఖర్చుల ముందు మరీ చిన్నది. వృద్ధులను కావాలని ఎక్కడో వదిలేసి వెళ్లిపోయినవారికి 3 నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా ఉంటాయి.

మన ప్రాంతంలో అసలు చిక్కు ఆస్తి దగ్గరే వస్తుంది. "ఎప్పటికైనా వాడిదేగా" అంటూ ఇల్లో పొలమో కొడుకు పేరనో కూతురి పేరనో గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేసేసి, ఆరు నెలలు తిరగకముందే వరండాలో మంచానికి పరిమితమైనవాళ్ల గోడు ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. తమను చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తి విషయంలో ఆ షరతు తప్పితే, ఆ బదిలీ చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చునని చట్టంలోని 23వ సెక్షన్ చెబుతోంది. షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో తేల్చిచెప్పింది; 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా అన్వయించాలని, ట్రిబ్యునల్ అవసరమైతే ఇల్లు ఖాళీ చేయించి స్వాధీనం కూడా ఇప్పించవచ్చునని చెప్పింది. కాబట్టి రిజిస్ట్రేషన్‌కు ముందే, "జీవితాంతం మా పోషణ చూడాలి" అన్న వాక్యం దస్తావేజులో రాయించుకోవడం ఎంతో అవసరం. డాక్యుమెంట్ రైటర్ "ఇంట్లోవాళ్లకే కదా, ఇవన్నీ ఎందుకు" అన్నా వినకూడదు.

ట్రిబ్యునల్ పనితీరు దగ్గరికి వచ్చేసరికి నేను ఉదారంగా మార్కులు వేయలేను. నాకు తెలిసిన మరో కేసులో, పేరు చెప్పదలచుకోని ఒక డివిజన్ కార్యాలయంలో, సార్ మీటింగ్‌లో ఉన్నారనో ఎన్నికల పని ఉందనో వాయిదాలు పడుతూ పోయాయి. కర్ర ఊతంతో వచ్చిన ముసలాయన కూర్చోవడానికి వరండాలో కుర్చీ కూడా లేదు. భూముల తగాదాలు, ధ్రువపత్రాలు, ప్రొటోకాల్ అన్నీ మోసే అధికారికే ఈ బాధ్యత కూడా అప్పగిస్తే జరిగేది ఇదే. ఉత్తర్వు వచ్చినా నచ్చకపోతే పెద్దవాళ్లు 60 రోజుల్లో కలెక్టర్ స్థాయిలోని అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లలో, "వాళ్ల మీద ఇక్కడి అర్జీ ఏం పనిచేస్తుంది" అని చాలామంది మొదట్లోనే వదిలేస్తారు. విదేశాల్లో ఉన్న సంతానానికి కేంద్రం నియమించిన అధికారి ద్వారా సమన్లు పంపే ఏర్పాటు చట్టంలోనే ఉంది. దూరాన ఉన్న పిల్లలు నెలనెలా పంపే డబ్బును ఇక్కడ చూసుకుంటున్న బంధువే మింగేస్తున్న ఇళ్లు కూడా ఉన్నాయి; అలాంటప్పుడు ఎల్డర్‌లైన్ ప్రతినిధి ఒకసారి ఇంటికి వెళ్లి చూసి రావడం వీడియో కాల్ కన్నా ఎక్కువ చెబుతుంది.

ఈ సేవలో నాకు కనిపించిన పెద్ద లోటు వేళలది. తాగి వచ్చి తల్లి మీద చెయ్యి చేసుకునే కొడుకు పగలు ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ మధ్యనే ఆ పని చేయడు. దెబ్బలు తగిలే పరిస్థితిలో నేరుగా 112కు ఫోన్ చేసి, మర్నాడు పొద్దున 14567కు చెప్పుకోవాలి. అర్జీ రాయడానికి ఎవరూ లేనివారికి న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100 ఉంది. ఫోన్ చేసే ముందు ఆధార్, పెన్షన్ పాస్‌బుక్, ఆస్తి ఇచ్చి ఉంటే దస్తావేజు నకలు దగ్గర పెట్టుకుంటే పని త్వరగా సాగుతుంది.

నా రేటింగ్: ఎల్డర్‌లైన్‌కు అయిదుకు నాలుగు, ట్రిబ్యునల్ అమలుకు రెండు.