నాలుగు గుంటల పళ్లెం: పొదుగువాపు పరీక్ష కిట్ వాడాక

మాది కోవూరు దగ్గర పల్లె. మూడు జెర్సీ క్రాసు ఆవులున్నాయి. చిన్నోడి కాలేజీ ఫీజు దగ్గర్నుంచి ఇంట్లో ఉప్పూ పప్పూ దాకా పాల కేంద్రానికి పోసే పాల మీదే గడుస్తుంది. ఈ కిట్ కొన్నది పొదుగు బాగాలేక కాదు, ఆవు చూడి నిలవక.

వాటిలో గౌరి రెండో ఈతలో పూటకి ఆరు లీటర్లిచ్చింది. మూడో నెలలో ఎదకొస్తే చూడి కట్టే సూది వేయించాం. 21 రోజులకి మళ్లీ అరుపులు, మళ్లీ ఎద తీగలు. అలా చూడి నిలవక మూడుసార్లు పొర్లింది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించాలన్న లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు మేము. పక్కింటి అత్త "కట్టేసి మేపడం దండగే పిల్లా, అమ్మేయండి" అంది. నాకు మనసొప్పలేదు. పాలు కూడా పూటకి లీటరు పైనే తగ్గాయి. పొదుగు మెత్తగానే ఉంది, పాలు తెల్లగానే ఉన్నాయి. మేతలో తేడా అనుకున్నాం.

డాక్టరు గారు గర్భసంచి చూసి బాగానే ఉందన్నారు. "పాలు ఎప్పుడైనా పరీక్ష చేశారా అమ్మా?" అని అడిగారు. మర్నాడే నెల్లూరు వెళ్లి పశువుల మందుల షాపులో కిట్ తెచ్చాను. నాకు 650 రూపాయలు పడింది. నాలుగు గుంటలున్న తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం, ఒక సీసా ఊదారంగు మందు, అంతే. కంపెనీ పేరు రాయను, ఏ కంపెనీదైనా పరీక్ష ఒకటే.

చెయ్యడం తేలిక. ప్రతి చన్ను నుంచీ మొదటి రెండు ధారలు పక్కన పారబోసి, ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంటలో రెండు మిల్లీలీటర్లు పట్టాలి. అంతే కొలత మందు పోసి పళ్లేన్ని పది సెకన్లు గుండ్రంగా తిప్పాలి. ఆ రోజు మూడు గుంటల్లో నీళ్లలాగే కదిలింది. కుడి వెనక చన్ను గుంటలో మాత్రం తిప్పేకొద్దీ పాలు నడిమికి చేరి, కోడిగుడ్డు తెల్లసొనలా ముద్దకట్టాయి. పళ్లెం వంచితే మిగతావి జారిపోయాయి, అది అడుగునే పట్టుకుని కూర్చుంది. నా చేతులు వణికాయి. రోజూ రెండు పూటలా నేను పితికే చన్నే అది.

పొదుగులో సూక్ష్మక్రిములు చేరితే వాటిమీదికి తెల్ల కణాలు వస్తాయి. మందు ఆ కణాల్ని పగలగొడితే పాలు జిగురవుతాయి. కణాలెక్కువైతే ముద్ద చిక్కనవుతుంది. పైకి వాపు, నొప్పి, విరిగిన పాలు ఏమీ లేకుండానే లోపల ఈ పొదుగువాపు జబ్బు నెలల తరబడి ఉండగలదట. ఆ లోపలి వాపు వల్ల ఎదకు సంబంధించిన హార్మోన్లు గాడి తప్పి చూడి నిలవకపోవచ్చని డాక్టరు గారు చెప్పారు. "ఇదొక్కటే కారణమని మాత్రం అనుకోవద్దమ్మా" అని ఖనిజ లవణ మిశ్రమం కూడా రాశారు. పాలు ల్యాబుకి పంపి, ఆ క్రిమి ఏ మందుకి లొంగుతుందో చూసి ఆ చన్నులోకి మందు ట్యూబులు ఎక్కించారు. ఆ రోజులూ, ఆయన చెప్పిన గడువు దాటేదాకా గౌరి పాలు కేంద్రానికి పొయ్యలేదు. కష్టమే అయినా మందు పాలు ఊళ్లో పిల్లలు తాగకూడదు కదా. తర్వాత ఎదకి సూది నిలిచింది. ఇప్పుడు ఐదో నెల చూడి.

ఇక కిట్‌లో నచ్చనివి. మా సీసాలోది చిక్కటి మందు, నీళ్లు కలుపుకోవాలి. ఎన్ని రెట్లో సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. చిన్నోడు ఇంట్లో లేకపోతే నేను నేరుగా పోసేసేదాన్నే. పాడి రైతుకి అమ్మే వస్తువు మీద తెలుగు లేకపోవడం నాకు చాలా బాధనిపించింది. పళ్లెం మీద కొలత గీతలు ఆరు నెలల్లో చెరిగిపోయాయి. ఇప్పుడు సూది తీసేసిన సిరంజితో కొలుస్తున్నాను. సీసా కొనేటప్పుడు గడువు తేదీ చూసుకోండి.

అరలీటరు నీళ్లలో 15 గ్రాముల సర్ఫు కలిపి కూడా ఇదే పరీక్ష చేస్తారు, చేసి చూశాను. బాగా ముద్దకట్టేది తెలుస్తుంది. కొద్దిగా మొదలైనది నా కంటికి ఆనలేదు. అందుకే కిట్టే కొనమంటాను. ఈనిన మొదటి వారంలో, ఒట్టిపోయే ముందు రోజుల్లో మాత్రం మంచి పాలు కూడా ముద్దకట్టొచ్చు, కంగారు పడకండి.

మాకు వానలు ఎక్కువగా కార్తీకంలోనే. కొట్టమంతా బురద. ఆ రోజుల్లో పదిహేను రోజులకోసారి, మిగతా కాలంలో నెలకోసారి పరీక్ష చేస్తున్నాను. పితికాక చన్నులు అయోడిన్ మందులో ముంచి, వెంటనే ముందు గడ్డి వేస్తాను. చన్ను రంధ్రం మూసుకునేదాకా అరగంటైనా ఆవు పడుకోకుండా నిలబడుతుంది. ఇంకో రెండు నెలల్లో పితకడం ఆపి గౌరిని ఒట్టిపెట్టాలి. అప్పుడు నాలుగు చన్నుల్లోకీ ట్యూబులు ఎక్కించే పని ఉంది, డాక్టరు గారికి ఇప్పుడే చెప్పి పెట్టాను.