అష్టమి నవముల్లో మా సెలవులు

రొయ్యల గుంటల మీద బతికేవాళ్లకు పంచాంగంలో అమావాస్య, పౌర్ణమి ఎప్పుడో తెలిస్తే చాలు. ఆ రోజుల చుట్టూనే రొయ్య ఎక్కువగా గుల్ల విడుస్తుంది, అంటే పాత పెంకు వదిలేస్తుంది. అప్పుడు దాని ఒళ్లు మెత్తగా ఉంటుంది, ఆక్సిజన్ ఎక్కువ కావాలి, పక్క రొయ్యలే దాన్ని పీక్కు తింటాయి. నేను ఒక ఫీడ్ కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌ని. నెల్లూరు జిల్లాలో విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు గుంటలు చూస్తాను. పన్నెండేళ్లుగా తెల్లవారుజామున మూడు గంటలకు ఫోన్ మోగితే గుండె దడదడలాడటం అలవాటైపోయింది. రాత్రంతా నీళ్లలోని పాచి కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లారేలోపే అది బాగా పడిపోతుంది. "సార్, రొయ్య పైకి తేలతా ఉంది" అని రైతు అన్నాడంటే అతను నాలుగు నెలలు పెట్టిన పెట్టుబడి మొత్తం ఆ గంటలో తేలిపోతుంది. కరెంటు పోయి జనరేటర్ స్టార్ట్ కాని రాత్రుల గురించి చెప్పనే అక్కర్లేదు.

రెండేళ్ల క్రితం ఛాతీ బరువుగా అనిపించి ఆసుపత్రికి వెళ్లాను. ఈసీజీ బాగానే ఉంది. డాక్టరమ్మ మాత్రం, "ఫోన్ మోగుతుందేమోనన్న భయం లేకుండా ఆఖరిసారి ఎప్పుడు నిద్రపోయారు?" అని అడిగారు. ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు. పక్కన కూర్చున్న మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. అప్పటిదాకా ఏడాదికోసారి ఎండాకాలంలో ఊటీయో కొడైకెనాలో ఆరు రోజులు పోయొచ్చేవాళ్లం. అందులో మొదటి రెండు రోజులు పని టెన్షన్ దిగడానికే సరిపోయేది, ఆఖరి రెండు రోజులు తిరిగి వెళ్తే ఏమేం చూడాలోనన్న దిగులుతో గడిచేవి. మిగిలిన రెండు రోజుల కోసం అంత డబ్బు, అంత ప్రయాణం. అందుకే పద్ధతి మార్చాం. ఆరు వారాలకోసారి, ఒకటి లేదా రెండు రాత్రులు, దగ్గర చోట్లకే. అమావాస్యకూ పౌర్ణమికీ మధ్యలో, అంటే అష్టమి నవములకు. ఆ తిథుల్లో ప్రయాణం వద్దని మా అమ్మ మొదట్లో గొడవ పెట్టింది. ఇప్పుడు తనే క్యాలెండర్ చూసి చెబుతోంది. శుభకార్యాలు లేని రోజులు కాబట్టి బస్సులు, గదులు కూడా ఖాళీగా దొరుకుతాయి.

మొదటిసారి మైపాడు వెళ్లాం. నెల్లూరు నుంచి 25 కిలోమీటర్ల లోపే, పాపకు సముద్రమంటే ప్రాణం. ఒడ్డు విశాలంగా ఉంటుంది, ఉదయాన వలలు లాగే పడవలు చూడొచ్చు. మేం దిగిన చోట గది సముద్రం వైపే ఉంది, 2,200 రూపాయలు తీసుకున్నారు. పరుపు బాగుంది, బాత్రూంలో మాత్రం కుళాయి తిప్పితే ఉప్పునీళ్లే. రెండు బకెట్ల మంచినీళ్లు అడిగితే గంటన్నర పట్టింది. చేపల వేపుడు మాత్రం ఆ పూట పట్టిన చేపతో చేసిందే, దానికి వంక పెట్టలేను. అసలు ఇబ్బంది నాలోనే ఉంది. మైపాడు రోడ్డుకు రెండు వైపులా గుంటలే. రాత్రి అలల చప్పుడు మధ్యలోంచి ఏరియేటర్ల మోత, అంటే గుంట నీళ్లను చిలికి ఆక్సిజన్ ఎక్కించే యంత్రాల మోత, వినపడుతూనే ఉంది. రెండున్నరకు ఒక మోత ఆగింది. కరెంటు పోయిందా, మోటారు కాలిందా అని లేచి కూర్చున్నాను. తెల్లారేసరికి ఎవరిదో తెలియని గుంట గట్టు మీద నిలబడి, రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే ఎత్తి చూస్తున్నాను. మా ఆవిడ వెతుక్కుంటూ వచ్చి, ఏమీ అనకుండా చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

మైపాడు చెడ్డ చోటని నేను అనను. బ్యాంకులో, కోర్టులో, బడిలో పనిచేసేవాళ్లకు అది హాయిగా ఉంటుంది. మన పని కనపడే చోటికి, వినపడే చోటికి సెలవుకు పోకూడదని నాకక్కడ అర్థమైంది. కృష్ణపట్నం వైపు, తుమ్మలపెంట, ఒంగోలు దగ్గరి కొత్తపట్నం అన్నీ అందుకే నా లెక్కలోంచి పోయాయి. కొత్తపట్నంలో ఒక సాయంత్రం గడిపాం, జనం తక్కువ, ఇసుక శుభ్రంగా ఉంది, అక్కడ రాత్రి ఉండలేదు.

రెండోది పెంచలకోన. నెల్లూరు నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. రాపూరు దాటాక వెలిగొండలు దగ్గరవుతూ ఉంటే గాలి మారడం ఒంటికి తెలుస్తుంది. పెనుశిల నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడిన చోటని చెబుతారు, మా అమ్మ ఆ కథను దారి పొడవునా పాపకు చెప్పింది. వారం మధ్యలో వెళ్లాం కాబట్టి దర్శనం పదిహేను నిమిషాల్లో అయిపోయింది. శనివారం వెళ్లొచ్చిన మా బావగారు క్యూలోనే సగం రోజు పోయిందన్నారు. గది 600 రూపాయలకే దొరికింది, సాదా మంచం, ఫ్యాను, వేణ్నీళ్లు లేవు. దుప్పట్లు, దిండు గలీబులు ఇంటి నుంచే తీసుకెళ్లండి. తలుపులు తెరిచి పెడితే కోతులు లోపలికొస్తాయి, మా అరటిపండ్ల సంచీ అలాగే పోయింది. జలపాతం కోసమే వెళ్లేవాళ్లు వానలు పడ్డాక వెళ్లాలి, ఎండాకాలంలో రాళ్లే కనపడతాయి. రాత్రి ఎనిమిదికల్లా అంతా సద్దుమణిగింది. నేను ఆరు గంటలు ఏకధాటిగా పడుకున్నాను. మా అమ్మ తెల్లారి ఆ మాట స్వామికి చెప్పుకోవడం విన్నాను.

ఫోన్ గురించి ఇక్కడే చెప్పాలి. స్విచాఫ్ చేస్తే రైతు ఏమైపోతాడన్న భయం, ఆన్‌లో ఉంచితే సెలవే లేదు. మా ఏరియాలోనే పనిచేసే ఒక తమ్ముడితో మాట్లాడుకున్నాను. నేను లేని రెండు రోజులు నా గుంటలు అతను చూస్తాడు, అతను ఊరెళ్తే అతనివి నేను చూస్తాను. వెళ్లే ముందు రోజు రైతులందరికీ నేనే ఫోన్ చేసి ఎవరిని పిలవాలో చెబుతాను. ఎన్ని రోజుల కల్చర్ (పిల్ల వదిలి ఎన్ని రోజులైంది), ఆక్సిజన్ ఎంతుంది, మేత ఎంత తింటోంది అన్నీ ఒక పుస్తకంలో రాసి అతని చేతికిస్తాను. ఈ ఏర్పాటు లేకుండా ఏ కొండకు పోయినా లాభం ఉండదు. ఒకరి బరువు ఒకరు మోస్తేనే సెలవు. కంపెనీలు ఈ పని తమంతట తాము చేయాలని నేను గట్టిగా కోరుకుంటాను, చేసేదాకా మనలో మనమే చేసుకోవాలి.

చలికాలంలో అయితే నేలపట్టు పక్షుల కేంద్రం. పాపతో వెళ్లేవాళ్లకు దీన్ని మించింది లేదు. నెల్లూరులో ప్యాసింజర్ ఎక్కి దొరవారిసత్రంలో దిగితే ఆటోలో కొద్ది దూరం. అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు (పెలికాన్లు) చెరువు నీళ్లలో పెరిగే కడప అనే చెట్ల మీద గూళ్లు కడతాయి. నీళ్లలో నిలబడిన చెట్లు, వాటి నిండా పక్షులు, ఒకటే గోల. టవర్ ఎక్కి బైనాక్యులర్‌తో చూస్తే తల్లి సంచి నోట్లో పిల్ల తల మొత్తం దూర్చి చేప తినడం కనపడింది. పాప పావుగంట కదల్లేదు. పక్షుల రెట్టలు కలిసిన ఈ చెరువు నీళ్లు పారితే పైరుకు బలమని చుట్టుపక్కల రైతులు ఈ పక్షుల్ని తమవిగా చూసుకుంటారు. అక్కడ పనిచేసే ఒకాయన చెప్పిన ఈ మాట నాకు బాగా నచ్చింది. తినడానికి దగ్గర్లో పెద్దగా ఏమీ లేదు, పెరుగన్నం కట్టుకెళ్లాం. రాత్రికి సూళ్లూరుపేటలో లాడ్జి తీసుకున్నాం, 1,100 రూపాయలు, ఏసీ పనిచేసింది. రోడ్డు మీద గది ఇచ్చారు కాబట్టి లారీల హారన్లతో సరిగా నిద్ర పట్టలేదు. వెనకవైపు గది కావాలని ముందే అడగాల్సింది. తెల్లారి శ్రీహరికోట రోడ్డులో పులికాట్ సరస్సు మధ్యలోంచి పోయాం. ఒడియా వాళ్ల చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. రెండు వైపులా నీళ్లు, దూరంగా రాజహంసల గుంపులు గులాబీ గీతల్లా. అవీ ఉప్పునీళ్లే గదా, మైపాడులాగే మళ్లీ గుంటలు గుర్తొస్తాయేమోనని భయపడ్డాను. రాలేదు. అక్కడ ఏరియేటర్ లేదు, లెక్క లేదు, ఆ ప్రాణులు ఎవరి అప్పూ మోయడం లేదు.

కంభం చెరువు చూడాలని ఎప్పటినుంచో కోరిక. విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్పే ఈ చెరువుకు 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చింది. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేసి ఇంత నీటిని నిలబెట్టిన వాళ్లకు కట్ట మీద నిలబడి దండం పెట్టాను. కానీ పోను రాను కారులో గడిచిన సమయం చెరువు దగ్గర గడిపిన దానికంటే ఎక్కువ. ఇంటికొచ్చేసరికి నడుము పట్టేసింది. ఒక్క రాత్రి సెలవుకు మూడు గంటల కంటే దూరం పోకూడదని ఆ రోజే అనుకున్నాం. ఒంగోలు, మార్కాపురం వైపు వాళ్లకు మాత్రం అది చక్కటి చోటు, త్రిపురాంతకం కూడా కలుపుకోవచ్చు.

ఇక భైరవకోన. నాకు ఇప్పటిదాకా అన్నిటికంటే మేలు చేసిన చోటు ఇదే. బుచ్చి, సంగం, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి దాకా 100 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే దారిలో కారం దోశ తిని పదింటికల్లా చేరాం. ఉదయగిరి దుర్గం కిందనుంచే చూశాం. కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో గజపతుల నుంచి గెల్చుకున్న కోట అది, ఆ కొండ నిటారుతనం చూస్తే అంతకాలం ఎందుకు పట్టిందో తెలుస్తుంది. బజారులో చెక్క గరిటెలు, స్పూన్లు చేసే ఇంటికి వెళ్లాం. నర్ది చెక్కను ఆకురాయితో అరగదీస్తూ ఒకామె పాపకు చిన్న స్పూన్ పిడి మీద ఆకు చెక్కి చూపించింది. బేరం ఆడకండి, ఒక్కో స్పూన్‌కు వాళ్లు పడే కష్టం చూశాక మాకు నోరు రాలేదు.

అక్కడి నుంచి సీతారాంపురం మీదుగా కొండల్లోకి. కొత్తపల్లి దాటాక ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే పోయాయి. ఆఖరి గీత పోయినప్పుడు నా భుజాలు కిందికి దిగడం నాకే తెలిసింది. భైరవకోనలో ఒకే కొండను తొలిచి ఎనిమిది శివాలయాలు చేశారు. ఏడు తూర్పు వైపు, ఒకటి ఉత్తరం వైపు చూస్తాయి. ఎదురుగా వాగు, పైన జలపాతం. వానలు పడ్డ నెల కాబట్టి నీళ్లు ధారగా దూకుతున్నాయి. రాతి ద్వారపాలకుల పక్కన కూర్చుని ఆ చప్పుడు వింటూ ఎంతసేపు ఉన్నానో తెలియదు. నీళ్ల చప్పుడు వింటూ ఆక్సిజన్ గురించి ఆలోచించకపోవడం నాకు చాలా ఏళ్ల తర్వాత అదే మొదలు.

మధ్యాహ్నం సత్రంలో అన్నం, పప్పు, వంకాయ కూర, మజ్జిగ. డబ్బు అడగలేదు, హుండీలో తోచింది వేశాం. రాత్రి ఉండటానికి సాదా గది దొరికింది, 500. కరెంటు రెండుసార్లు పోయింది, దోమలున్నాయి. టార్చిలైటు, దోమల మందు, పిల్లలకు పాలపొడి తప్పనిసరి. పెట్రోలు ఉదయగిరిలోనే పోయించుకోవాలి. పక్క మీద బట్టలు శుభ్రంగా ఉన్నాయి, అడిగిన వెంటనే నీళ్ల బిందె తెచ్చి పెట్టారు. హంగులు చూసుకునేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. పెద్దవాళ్లను తీసుకెళ్తే మెట్లు, తడి రాళ్లు చూసుకోవాలి, అందుకే అమ్మను ఈసారి తీసుకెళ్లలేదు.

సాయంత్రం అక్కడి పెద్దాయన ఒకరు అమ్మవారి విగ్రహం చూపించి, "కార్తిక పౌర్ణమి రోజు రండి నాయనా, వెన్నెల నేరుగా తల్లి మీద పడతది" అన్నారు. నేను నవ్వి, మాకు పౌర్ణమి కుదరదని చెప్పాను. ఎందుకో వివరించలేదు. మా ఆవిడ నా మొహం చూసి తల తిప్పుకుంది. తిరుగు ప్రయాణంలో ఆత్మకూరు దాకా తను ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఒక్క పౌర్ణమి" అంది.

నెల్లూరు చేరాక తమ్ముడికి చెప్పాను. "అన్నా, ఆ రాత్రి నీ గుంటలన్నీ నేను తిరుగుతా. సంక్రాంతికి నావి నువ్వు చూడు" అన్నాడు. ఆ తేదీకి డెబ్బై రోజుల కల్చర్ ఉండే గుంట ఒకటే, ఇందుకూరుపేట వైపు. దాని రైతుకు నేనే వెళ్లి చెప్పాను. ఆయన గట్టు మీద నిలబడి కాసేపు నీళ్లనే చూశాడు. తర్వాత, "పోయి రండి సార్. ఆ పొద్దుకు జనరేటర్‌లో డీజిల్ నిండా పోయించి పెడతా" అన్నాడు.